ఒక్క చిలప శాలువా

ఉన్నంతలో సర్దుకోవడం మంచి గుణమని వింటూ పెరిగినవాళ్ళమే మనమంతా. ఆ మాటను ఈ చలికాలం ఒక ఉన్ని చిలప మా చేత మళ్ళీ ఆలోచింపజేసింది.

శనివారం మధ్యాహ్నాలు మేము అయిదుగురం ఆడవాళ్ళం ఒకచోట చేరి అల్లుకుంటాము. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాము. తలా ఒక చిలప, 50 గ్రాములు, సుమారు 400 మీటర్ల సన్నని దారం. అందులోనే లేసు శాలువా పూర్తికావాలి, రెండో చిలప కొనకూడదు. మెడ దగ్గర మూడు నాలుగు కుట్లతో మొదలయ్యే ముక్కోణపు శాలువా ఇది. పోనుపోను కుట్లు పెరుగుతాయి. వరుసల్లో సగమయ్యేసరికి దారంలో పావు వంతే ఖర్చవుతుంది. ఇంకేం, బోలెడుందని మురిసిపోతాము. తక్కిన సగం ముప్పావు వంతూ మింగేస్తుంది! చివరికి వంటింటి త్రాసులో ఉండను తూచుకుంటూ అల్లాము. అయినా ఒకావిడకు ఆఖరి వరుసలో దారం చాలలేదు. పన్నెండు వరుసలు విప్పి, అంచు చిన్నది చేసుకున్నారు. బట్ట కత్తిరిస్తే పోయినట్టే; అల్లిక విప్పితే దారం దారంగానే ఉంటుంది, అదొక్కటే ఓదార్పు.

ఇటువంటి లేసుకు పేరుపడినది షెట్లండ్ దీవుల్లో ఉత్తరాన ఉన్న అన్‌స్ట్. గొర్రె మెడ దగ్గరి మెత్తని ఉన్నిని వెంట్రుకంత సన్నగా వడికి అక్కడి స్త్రీలు అల్లిన శాలువా పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేది. ఆ సంగతి చెప్పుకొని ఆనందిస్తూ ఉంటే, మాలో ఒకరు 1872 నాటి ప్రభుత్వ విచారణ నివేదిక మాట ఎత్తారు. షెట్లండులో అల్లినవారికి వర్తకులు డబ్బుకు బదులు తమ కొట్లోని టీ, గుడ్డలు ఇచ్చి సరిపెట్టేవారట. మన నరసాపురం లేసు కథా అంతే. గంటల తరబడి అల్లినా అది ఇల్లాళ్ళ తీరిక పని కింద లెక్కకట్టడం గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే వ్రాశారు.

మా నియమం మేము పెట్టుకున్నది. విసుగుపుడితే కారెక్కి వెళ్ళి ఇంకో చిలప తెచ్చుకోగలం. వారికా వీలేదీ? మరి వారి లేమిని మనం "పొదుపు", "ఓర్పు" అని మెచ్చుకోవడం న్యాయమేనా? "అలా అని జాలిపడటమూ అవమానమే, అంత పనితనం లేమిలోంచి ఊడిపడలేదు, వాళ్ళ చేతుల్లో ఉంది" అన్నారొకరు. కాదనలేకపోయాము.

ఇంటికి వెళ్ళాక మా గొప్ప మాకు గుర్తుకొచ్చింది. విదేశీ మారకపు ఆంక్షల వల్ల 1960లలో మూడు పౌన్లతో ఈ దేశంలో దిగిన కుటుంబాలు మావి. ఆ మూడు పౌన్ల కథ పిల్లలకు ఎన్నిసార్లు వినిపించామో! మొన్న ఒకరి అమ్మాయి అడిగింది: "సరేనమ్మా, మొదటి నెల ఎవరింట్లో తిన్నారు?"

ఒక గుజరాతీ ఆవిడ పెట్టింది. నాలుగు వారాలు, రెండు పూటలా. కథలో ఆవిడ ఎన్నడూ లేదు. ఊరు మారాక ఉత్తరమైనా వ్రాయలేదు.

ఇప్పుడు ఆవిడ జాడ వెతుకుతున్నాము. చిన్న అంచు శాలువా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.