గీత అడుగు

మా మేనత్త వ్రేలి కెంపుటుంగరము ఆమె పెండ్లినాడు అత్తవారు యానాములో పెట్టినది. శారదా చట్టము 1930 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చి, పదునాలుగేండ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయుట బ్రిటిషు ఇండియాలో నేరమైనప్పుడు, ఆ చట్టము ఫ్రెంచివారి గడ్డమీద చెల్లదు గనుక, గోదావరి జిల్లాల గృహస్థులు పసిపిల్లలను చంకనెత్తికొని ఈ చిన్న ఊరికి వచ్చి, పీటలు వేసి, మూడుముళ్లు వేయించి తీసికొనిపోవుచుండిరి. యానామునకు కల్యాణపురమను పేరు అట్లు కలిగినదే. ఎదుర్లంక రేవులో పడవయెక్కి గౌతమి దాటిననాటికి అత్తకు తొమ్మిదవ యేడు. ఉంగరము వదులైనదని దారము చుట్టి తొడిగిరట.

తరువాత అఱువది యేండ్లు ఆ ఉంగరమును రవ్వల దుద్దులతో కలిపి ఒకే పట్టుగుడ్డలో మూటగట్టి దాచుటచేత, కెంపు పైపలక గీతలుపడి, చూడబోయినవారికి పొగచూరిన దీపపు చిమ్నీవలె కానవచ్చుచుండెను. కెంపు మెత్తని రాయి కాదు. కాఠిన్యపు కొలతలో వజ్రమునకు 10 ఐనచో దానికి 9. ఇసుక దానిని గీయజాలదు, ఇనుము గీయజాలదు. పక్కననున్న వజ్రమే గీసినది. (సజ్జన సాంగత్యమును గూర్చి పిల్లలకు నీతులు బోధించువారు ఈ సంగతిని ఒకమారు ఆలోచింపవలెను.)

గీతలు తీయించవలెనని అత్త పట్టుపట్టగా, యానాములోనే ఏటివైపు సందులో నున్న ఒక ముసలి సానపనివానియొద్దకు ఆమెను తీసికొనిపోయితిని. ఆయన భూతద్దము కంటికి ఆనించి, రాతిని అటునిటు త్రిప్పి చూచి, తాపీగా ఇట్లనెను: “గీత తీయడం అన్నది లేదండి, అమ్మగారూ. గీత అడుగు తేలేదాకా రాయే దిగాలండి.”

ఆనాడు ఆ మాటను నేను బేరపు మాట అనుకొంటిని. గీత యనగా రాతిమీద అంటుకొనియున్న వస్తువు కాదు, రాతిలో లేకుండపోయిన భాగము. లేనిదానిని తీయుట యెవ్వరి తరము? కావున దానిచుట్టు చెక్కుచెదరక నిలిచిన రాతినంతయు, ఏ పాపమెరుగని రాతిని, ఆ లోతువరకు అరుగదీయవలెను. దోషమొకచోట, వ్యయము పలక అంతటిది.

మన వేదాంతగ్రంథములలో మణులకును అద్దములకును కొదువలేదు. మణిని కడిగినప్పుడు కాంతి క్రొత్తగా పుట్టదనియు, మలినముచే మరుగుపడిన కాంతియే వెలువడుననియు, ఆత్మకు జ్ఞానమును అట్టిదే యనియు చెప్పు ప్రాచీన వచనమును రామానుజులు శ్రీభాష్యమున ఉదాహరించిరి. అది చల్లని ఉపమానము. కాని అందు చెప్పబడినది కడుగుట, సానపట్టుట కాదు. మురికి రాతికి పరాయిది; నీరు దానిని కొనిపోయినచో రాయి రవ్వంతయు తగ్గదు. అంతకు ముందే శంకరులు సమన్వయాధికరణ భాష్యమున మరింత కఠినమైన దారి పట్టిరి: సంస్కారమనగా గుణమును చేర్చుటయో దోషమును తొలగించుటయో కావలెననియు, మోక్షము ఆ రెండును కాదనియు చెప్పి, రుద్దగా రుద్దగా అద్దమునందు మెరుపు బయటపడునట్లు ఆత్మయందు మరుగైయున్న మోక్షము క్రియచే బయటపడరాదా యని తామే శంకించి, తన ఆశ్రయమును వికారపెట్టక ఏ క్రియయు జరుగదు గనుక, అట్లైనచో ఆత్మ అనిత్యమగును గనుక, ఆ ఉపమానమును త్రోసివేసిరి. “రాయే దిగాలండి” అన్న సానపనివాని మాట ఆ వాక్యమునకు నేను విన్న వ్యాఖ్యలలోకెల్ల పొట్టిది.

ఆత్మ మాట అట్లుండనిండు. అది సానకు చిక్కునది కాదని ఆచార్యులు నిర్ణయించిరి. మరి మనస్సు? చిత్తశుద్ధి యను మాటను మనము నిత్యము వాడుచున్నాము. వాడునప్పుడెల్ల మన తలపులో నుండునది కడుగుటయే. ఏటిలో మునిగితిమి, పోయినది, మనము మాత్రము అంతే ఉన్నాము! ఒకరికి చేసిన ద్రోహము మురికి యగునా, గీత యగునా? గీతయే యని ధర్మశాస్త్రకర్తలకు తోచియుండును. లేనిచో కృష్ణపక్షమున దినమునకొక కబళము తగ్గించుకొనుచు అమావాస్యనాటికి ఉపవాసమునకు వచ్చు చాంద్రాయణమును విధింపక, ఒక చెంబు నీటితో సరిపెట్టియుందురు. ప్రాయశ్చిత్తముచే పాపమొక్కటే పోవునను ఆశ నాకు లేదు; దానితోపాటు దాని ఎత్తుననున్న గర్వము, ఉత్సాహము, ఒక్కొక్కప్పుడు మంచిగుణములు సైతము కొంత దిగిపోవుట పశ్చాత్తాపపడిన పెద్దలయందు చూచియున్నాను.

ఇచ్చట ఎంతవరకు దింపవలెనను ప్రశ్న వచ్చును. విటెల్స్‌బాక్ అను నీలవజ్రము గోల్కొండ గనులదని ప్రతీతి. యూరపు రాజవంశముల చేతులు మారి 2008లో వేలమున అమ్ముడుపోయిన పిమ్మట, కొన్నవాడు అంచులలోని పెచ్చులను పోగొట్టుటకై దానిని మరల సానపట్టించగా, 35.56 కారెట్ల రాయి 31.06 కారెట్లకు దిగినది. రంగు తేటపడినది, లోపలి స్వచ్ఛత పెరిగినది, పరీక్షకులు పైతరగతి నిచ్చిరి. చరిత్ర చెరిగినదని మ్యూజియములవారు కొందఱు వాపోయిరి. కోహినూరును 1852లో లండనులో 186 కారెట్లనుండి సుమారు 106కు తెచ్చుట సాన కాదు, మలచుటయే. దానిని గూర్చి ఇచ్చట చెప్పను.

మా సానపనివాడు అంత సాహసికుడు కాడు. రాతిని ఉంగరమునుండి విప్పి, లక్కతో పుల్లకొనకు అతికించి, నూనెలో కలిపిన వజ్రపుపొడి పూసిన రాగిపళ్లెము తిరుగుచుండగా, పాత పలక వాలు దొరకువరకు ఆనించుటయు ఎత్తి చూచుటయు చేయుచు అరగంట గడపెను. వాలు వెంట్రుకవాసి తప్పినచో పాత అంచు పోయి, ఎవరు కోరని సన్నపలక యొకటి పుట్టునట. తుదకు సన్నగీతలన్నియు మాయమయ్యెను. ఒక మూల లోతైన గీత యొకటి మాత్రము మిగిలెను. “దీన్ని వదిలేయాలండి. ఇది పోవాలంటే రాయి సన్నబడిపోద్ది, ఎరుపు పలచనైపోద్ది” అనెను.

మాయమయ్యెనంటిని, అదియు కంటి మాటయే. మెరుగుపెట్టిన గాజు మీదనున్నది గీతలు లేకపోవుట కాదనియు, కంటికి అందనంత సన్ననైన గీతలుండుటయే యనియు న్యూటన్ తన కాంతిశాస్త్ర గ్రంథమున 1704లోనే వ్రాసెను. వజ్రపుపొడి చేయు పనియు గీయుటయే గదా. పట్టుగుడ్డలోని దుద్దులు చేసినదానికిని దీనికిని భేదము సన్నదనమున మాత్రమే. మన ప్రాంతపు మహనీయులలో కొందఱిని తలచినప్పుడు నాకీ మాట జ్ఞప్తికి వచ్చును, కాని వారి పేర్లు చెప్పుట మర్యాద కాదు.

రాయి తూచగా ఏడు సెంట్లు, అనగా కారెట్టులో నూటికి ఏడు పాళ్లు, తగ్గినది. అత్త వెంటనే, “తీసిన పొడి ఏదయ్యా?” అని అడిగెను. బంగారపు పనికి ఇచ్చిన చోటెల్ల రజను లెక్క యడుగుట మా ఇంటి ఆడువారి అలవాటు. ఆయన నవ్వి, పళ్లెపు అంచున పేరుకొన్న నూనెబురదను గోటితో తీసి ఆమె వ్రేలికి రాచెను. అది బూడిదరంగుగా నున్నది.

“ఇందులో ఎరుపేదీ?”

“పొడికి ఎరుపుండదండి, అమ్మగారూ. ఎంత మంచి కెంపైనా నూరితే తెల్లగానే ఉంటది.”

అత్త ఆ మాట నమ్మలేదు. వ్రేలిని వెలుతురుకు త్రిప్పి త్రిప్పి చూచుకొని, పైటచెంగున తుడుచుకొని, ఉంగరము పొదిగించుకొని, వీథిలోనికి వచ్చి ఎండకు పట్టి, ఆ మిగిలిన గీత ఏ మూలనున్నదో వెదకసాగెను.