యూనిఫాం మీద పిన్నీసు



ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక తల్లి నన్ను ఆపి ఇలా అడిగింది: "ఫాదరుగారూ, మా అమ్మాయి బడిలో ఉన్నన్నాళ్లూ గళ్ల స్కర్టు, టై వేసుకోమంటే ఏడ్చేది. ఇప్పుడు పట్నంలో డిగ్రీ చదువుతూ అలాంటి స్కర్టే, అలాంటి టైయే డబ్బు పెట్టి కొనుక్కుంది. టై ముడి వదులు చేసి పక్కకు లాగి కట్టుకుంటోంది. ఇదేం ఫ్యాషనండీ? ఇందులో పాపమేమైనా ఉందా?" అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించగా తోచినది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ గళ్ల గుడ్డ కథ తెలుసుకోవాలి. స్కాట్లండు కొండప్రాంతంలో నేసే గళ్ల ఉన్ని బట్టను టార్టాన్ అంటారు. 1746లో కలోడెన్ యుద్ధంతో అక్కడి తిరుగుబాటు అణగిపోయింది. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటు ఆ కొండవారి వేషాన్ని మగవారికీ మగపిల్లలకూ నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే 6 నెలల జైలు, రెండవసారి అయితే 7 ఏళ్ల ద్వీపాంతరవాసం. అదే ప్రభుత్వం తన సైన్యంలో చేరిన కొండప్రాంత సిపాయిలకు మాత్రం ఆ గుడ్డనే యూనిఫాంగా ఉంచింది. ఊళ్లో కట్టుకుంటే నేరం, దండులో కట్టుకుంటే క్రమశిక్షణ! 1782లో నిషేధం తొలగింది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరో వెళ్లినప్పుడు తానే ఆ వేషం ధరించాడు. రాజద్రోహానికి గుర్తుగా ఉన్నది రాచమర్యాద అయింది. కాలక్రమంలో గళ్ల స్కర్టు అనేక దేశాల్లో బడిపిల్లల దుస్తు అయింది. అమెరికాలో దాన్ని చూస్తే కతోలిక బడే గుర్తుకు వస్తుంది.

1970లలో కథ మళ్లీ తిరగబడింది. వివియన్ వెస్ట్‌వుడ్ అనే ఆవిడ అంతకుముందు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు. లండన్ కింగ్స్ రోడ్డులో మాల్కం మెక్‌లారెన్‌తో కలిసి దుకాణం నడిపింది. గళ్ల ప్యాంట్ల రెండు కాళ్లనూ కలిపి పట్టీలు కుట్టింది. చింపిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చింది. 'పంక్' అనిపించుకున్న యువతీయువకులు ఆ బట్టలు తొడిగి, బడి టైలను వదులుగా వేలాడదీసి, పెద్దల మర్యాదలను వెక్కిరించారు. ఆ దశకంలోనే జపానులో బడిమీద అలిగిన ఆడపిల్లలు యూనిఫాం స్కర్టును చీలమండల దాకా పొడుగు చేసుకున్నారు. 1990లలో వారి తరువాతి పిల్లలు దాన్నే మోకాళ్లపైకి ముడిచారు. పొడుగైనా పొట్టిదైనా అర్థం స్కర్టులో లేదు, ఎవరో పెట్టిన కొలతలో ఉంది. చివరికి వెస్ట్‌వుడ్‌కు 1992లో రాణిగారి చేతిమీదుగా బిరుదు దక్కింది. పిన్నీసుల చొక్కాలు మ్యూజియాలకు చేరాయి.

దీన్నిబట్టి ఏమనుకోవాలి? గుడ్డతో చేసిన తిరుగుబాటు నిలవదు. నిజమే. అయితే గుడ్డతో నేర్పిన క్రమశిక్షణ మాత్రం నిలుస్తుందా? గురువిద్యాలయంలో మేము చదివిన లతీను పాఠాల్లో 'హాబితుస్' అనే మాట ఉండేది. దానికి వేషమనీ అర్థమే, మనసులో స్థిరపడిన గుణమనీ అర్థమే. మొదటిది ఒక్క నిమిషంలో తొడగవచ్చు. రెండవది ఏళ్ల తరబడి అలవడాలి. దుస్తుల విషయంలో దోషం వస్తువులో కాక, దాన్ని వాడే మనిషి అమితంలో ఉంటుందని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. ఆ మాట వేసుకునేవారికే కాదు, వేయించేవారికీ వర్తిస్తుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక పల్లెలో బడి బాధ్యత నాకుండేది. ఒక ఉదయం ప్రార్థన వేళ ఒక కుర్రవాడి యూనిఫాం చొక్కాకు గుండీలకు బదులు రెండు పిన్నీసులు కనిపించాయి. పొగరు అనుకున్నాను. అందరి ముందూ ఎండలో నిలబెట్టాను. వాడు ఒక్క మాటా పలకలేదు. మధ్యాహ్నం వాళ్ల నాయనమ్మ వచ్చింది. "గుండీలు ఊడిపోయినై స్వామీ. సూదిలో దారం ఎక్కిద్దామంటే నాకు కళ్లు ఆనటం లేదు. నేనే పిన్నీసులు పెట్టి పంపాను" అంది. ఆమె నన్ను నిందించలేదు. అదే ఎక్కువ బాధించింది. పేదబిడ్డ కలవారి బిడ్డ పక్కన సిగ్గుపడకూడదనే యూనిఫాం పెట్టాము. దాన్ని అడ్డం పెట్టుకునే ఆ బిడ్డను సిగ్గుపరిచాను. మర్నాడు అదే ప్రార్థన వేళ, అందరి ముందూ, వాడిని క్షమించమని అడిగాను. అయినా ఆ మౌనం నా మనసులోనుంచి పోలేదు.

అందుకని ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, వదులు చేసిన టైలో పాపం లేదు. వెక్కిరింపు కాస్త ఉంటే ఉండవచ్చు. అమ్మాయిని కోప్పడే ముందు పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజుల్లో ఎందుకు ఏడ్చేదో అడుగు. ఒట్టి మారామే అయితే ఇద్దరూ నవ్వుకుంటారు. ఎవరైనా అవమానించి ఉంటే, ఇన్నేళ్ల తరువాతైనా ఇంట్లో ఒకరు విన్నారన్న ఊరట ఆమెకు దక్కుతుంది. బడులు నడిపే మేము కూడా గుండీలు లెక్కపెట్టే ముందు పిల్లల ముఖాలు చూడడం నేర్చుకోవాలి.