వన్యమాంసం: జుగుప్స, హింస, రక్షణ – ఒక ధర్మమీమాంస

ఏది భక్ష్యం, ఏది అభక్ష్యం అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. ధర్మశాస్త్రాలు దానికి పట్టికలు కూర్చాయి, ఇతిహాసాలు దానిచుట్టూ కథలు అల్లాయి. ఆ చర్చలో వన్యమాంసానిది విచిత్రమైన స్థానం. రాజు వేటాడితే అది ప్రబంధంలో వర్ణనకెక్కింది. మనుచరిత్రలో స్వరోచి వేట అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. బోయవాడు వేటాడితే అది అతని కులానికి గుర్తుగా మిగిలింది. నేడు ఇద్దరి వేటా చట్టం దృష్టిలో నేరమే. అయినా సమాజం ఆ ఇద్దరినీ ఒకే దృష్టితో చూడటం లేదు.

ఉడుమును, కుందేలును, అడవిపందిని, జెర్రిపోతును వండుకొని తినడం తప్పా? తప్పయితే ఆ తప్పు జంతువు స్వభావంలో ఉందా, చంపడంలో ఉందా, అడవికి కలిగే నష్టంలో ఉందా? సాధారణ సంభాషణలో ఈ మూడూ కలగలిసి ఒకే ఖండనగా వినిపిస్తాయి. పామును తినేవాడు అసహ్యుడు, క్రూరుడు, అడవికి శత్రువు అనే మాటలు ఒకే ఊపిరిలో వస్తాయి. ఈ మూడు ఆక్షేపణల మూలాలు వేరు, బలాలూ వేరు. వాటిని విడదీసి పరీక్షించి, వన్యమాంసాన్ని విడిచిపెట్టమని ఒకరిని అడిగే అధికారం ఏ హేతువు వల్ల కలుగుతుందో, అలా అడిగినవారిపై ఏ బాధ్యత పడుతుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జుగుప్స ప్రమాణమా?

మొదటి ఆక్షేపణ జుగుప్స నుంచి పుడుతుంది. పాము మాంసం అనగానే చాలామందికి కలిగే వికారానికి కారణం అడిగితే, ఆ జంతువు విషపుదని, పాకేదని, పూజించదగినదని పరస్పరం పొసగని సమాధానాలు వస్తాయి. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసే సమాజమే పాము కనిపిస్తే కర్ర తీస్తుంది. కనుక తినకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. మేరీ డగ్లస్ 1966లో ప్రచురించిన ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ గ్రంథంలో యూదుల ఆహారనిషేధాలను వర్గీకరణ దృష్టితో వివరించింది. నీటిలో ఈదేవి, నేలపై నడిచేవి, గాలిలో ఎగిరేవి అన్న విభజనలో ఇమడని ప్రాణులు, ముఖ్యంగా పాకే ప్రాణులు, నిషిద్ధాలయ్యాయని ఆమె వాదన. ఈ వివరణను ఉన్నదున్నట్టుగా తెలుగు సమాజానికి వర్తింపజేయనక్కరలేదు. అసహ్యం జంతువులో ఉండక, చూసేవారి వర్గీకరణలో ఉంటుందన్న అంశం మాత్రం ఇక్కడా పనికివస్తుంది.

ఈ అంశాన్ని మన ఆలంకారికులు మరో దారిలో గుర్తించారు. నాట్యశాస్త్రం జుగుప్సను బీభత్సరసానికి స్థాయిభావంగా చెప్పింది. భావం సంస్కారాధీనం. ఒకరికి బీభత్సమైనది మరొకరికి నిత్యభోజనం కావచ్చు. దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతంలోనూ హాంకాంగులోనూ పాము మాంసపు సూపు శీతకాలంలో ఒంటికి వేడినిచ్చే గౌరవనీయమైన వంటకం. అనుభూతిగా జుగుప్స సత్యమే. అయితే భావాన్ని ప్రమాణంగా నిలబెడితే, ఏ సమూహం భావం ప్రమాణమన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. దానికి ఆచరణలో ఎప్పుడూ ఒకటే జవాబు: బలవంతుల భావమే ప్రమాణం.

శాస్త్రపట్టికలు కూడా ఈ అస్థిరతను చూపిస్తాయి. కిష్కింధకాండలో రాముని బాణం తగిలి పడిన వాలి, తాను వానరుడు కాబట్టి తన మాంసం తినదగినది కాదని, ఐదు గోళ్లున్న జంతువులలో ఐదు మాత్రమే భక్ష్యాలని వాదిస్తాడు. ఏదుపంది, కుందేలు, తాబేలు వంటివాటితో పాటు ఆ ఐదింటిలో ఉడుము కూడా ఉంది. మనుస్మృతి పంచమాధ్యాయంలోని భక్ష్యాల పట్టికలోనూ ఉడుము కనిపిస్తుంది. ఒకనాడు ద్విజులకు సైతం అనుమతించిన ఉడుము తర్వాతి కాలంలో ‘తక్కువ’ కులాల తిండిగా ముద్రపడింది. ఉడుము మారలేదు, తినేవారిని గురించిన అంచనా మారింది. జుగుప్స తరచుగా ఆహారం పేరు చెప్పి మనిషిని లక్ష్యం చేసుకుంటుందనడానికి ఇది నిదర్శనం.

కన్నప్ప కథ ఈ దృష్టితో మళ్లీ చదవదగినది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని కథను విస్తరించాడు. వేటమాంసాన్ని కాల్చి, ముక్కముక్కా నోట రుచి చూసి, మెత్తనివి ఏరి శివునికి పెట్టడం ఈ కథకు ప్రాణం. అర్చకునికి ఎంగిలిగా, అపవిత్రంగా తోచినది బోయవానికి ఆతిథ్యధర్మం. దేవునికి గట్టిముక్క పోకూడదన్న శ్రద్ధే అతని చేత రుచి చూపించింది. అర్చకుని జుగుప్స ఇక్కడ స్పష్టంగా ఓడిపోయింది. అయితే ఆ ఓటమికి ఒక పరిమితి ఉంది. కథ తిన్నని భక్తిని స్వీకరించింది గాని, అతని తిండిని ఊరి మధ్యకు తీసుకురాలేదు. కన్నప్పకు గుడిలో స్థానం దొరికింది. అతని వంటకు దొరకలేదు. కన్ను పెకలించి ఇస్తే తప్ప బోయవాని భోజనం క్షమార్హం కాలేదన్న చేదు నిజం ఆ కథలోనే దాగి ఉంది.

హింసలో తరతమాలు

రెండవ ఆక్షేపణ మొదటిదానికన్నా బలమైనది. ప్రాణిని చంపడం బాధ కలిగిస్తుంది. బాధ తినేవాని సంస్కారాన్ని బట్టి మారదు. ఈ కారణంగా ఏ మాంసమూ తగదని చెప్పేవారి వాదనలో అంతర్గత విరోధం లేదు. కోడిని, మేకను తింటూ ఉడుమును తినేవాణ్ణి మాత్రం క్రూరుడనేవారి వాదన నిలవదు. కదలడానికి చోటులేని షెడ్డులో కొద్ది వారాలు బతికే బ్రాయిలర్ కోడితో పోల్చితే, బాణం తగిలే క్షణం దాకా స్వేచ్ఛగా తిరిగిన జంతువు పడిన బాధ ఎక్కువని చెప్పడం కష్టం.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కౌశికునికి చెప్పిన సమాధానం ఇక్కడ స్మరణీయం. మిథిలలో మాంసం అమ్మే ఆ వ్యాధుడు తాను స్వయంగా చంపడు, మాంసం తినడు. ఇతరులు చంపిన పందుల, దున్నల మాంసం అమ్ముతాడు. తన వృత్తి మంచిదని అతడు వాదించడు. నాగలి దున్నేటప్పుడు భూమిలోని ఎన్నో ప్రాణులు చస్తున్నాయని, నడిచేవాని కాళ్ల కింద, నిద్రించేవాని ఒంటి కింద కూడా ప్రాణులు నలుగుతున్నాయని, సంపూర్ణ అహింస లోకంలో ఎవరికీ సాధ్యం కాదని, యతులు కూడా ప్రయత్నంతో దానిని తగ్గించుకోగలరంతేనని చెబుతాడు. ఈ వాదం హింసను సమర్థించదు. హింస లేని చోట తాను నిలిచి ఉన్నానన్న అహంకారాన్ని మాత్రం ఖండిస్తుంది.

ధర్మవ్యాధుని నాగలి నేటికీ నడుస్తూనే ఉంది. వరిచేలలో ఎలుకలను నిర్మూలించడానికి రైతులు విషపుటెరలు వాడతారు. యానాదులు కలుగుల్లోకి పొగబెట్టి ఎలుకలను పట్టి, మంటమీద కాల్చి, బొచ్చు గీకి వండుకుంటారు. కలుగులో దాచిన ధాన్యం కూడా వారికి దక్కుతుంది. విషంతో చంపి పారవేస్తే దానికి సస్యరక్షణ అని పేరు. చంపి తింటే హీనమైన అలవాటని పేరు. హింస కొలమానంతో చూస్తే రెండవది మొదటిదానికన్నా ఏ విధంగానూ ఎక్కువ తప్పు కాదు. విషం తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉందని గమనిస్తే తక్కువ తప్పని కూడా అనవచ్చు.

అయితే ఈ కొలమానం వేటగానికి కూడా వర్తిస్తుంది. బాణంతో ఒక జంతువును గురిచూసి కొట్టడం వేరు, ఉచ్చు పన్ని వదిలివేయడం వేరు. ఉచ్చులో చిక్కిన జంతువు గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ చిత్రహింస పడుతుంది. అడవిపంది కోసం పరచిన కరెంటు తీగకు చిరుతా, పశువూ, పొరుగు రైతూ ఒకటే. నాటుబాంబు కొరికిన పంది దవడ పగిలి ఆకలితో చస్తుంది. ఆచారం పేరుతో వీటిని సమర్థించడం సాధ్యం కాదు, ఇవి ఆచారంలోనివీ కావు.

సంప్రదాయం మరో భేదాన్ని కూడా పాటించింది. రాజుల సప్తవ్యసనాలలో వేట ఒకటి. జీవిక కోసం చేసే వేటను వృత్తిగా, వినోదం కోసం చేసే వేటను వ్యసనంగా శాస్త్రం వేరుచేసింది. ఈ భేదాన్ని నేటికి అన్వయిస్తే, నగరం నుంచి కారులో వచ్చి, ఉడుము మాంసం బలవర్ధకమన్న నమ్మకంతో ఎంత ధరైనా ఇచ్చి కొనే వ్యక్తిది ఆకలి కాదు, ఆచారమూ కాదు. శాస్త్రం చెప్పిన వ్యసనం అతనిదే.

ఆపద్ధర్మం ఎవరికి?

అవసరం తప్పును ఎంతవరకు మాపగలదన్న ప్రశ్నకు శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణం ఒక కథను చెబుతుంది. పన్నెండేళ్ల అనావృష్టిలో ఆకలితో అలమటించిన విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్కమాంసం దొంగిలించబోతాడు. మేల్కొన్న చండాలుడు వద్దని వారిస్తాడు. మునికి అది తగదని ధర్మశాస్త్రం గుర్తుచేస్తాడు. బతికి ఉంటేనే ధర్మం ఆచరించగలనని విశ్వామిత్రుడు సమాధానమిస్తాడు. చివరికి మాంసం తీసుకుపోయి, వండి దేవతలకు నివేదిస్తాడు. వాన కురుస్తుంది.

ప్రాణరక్షణ నియమంకన్నా గొప్పదన్న ఈ కథాసారం సుప్రసిద్ధం. గమనించవలసిన అంశం మరొకటి ఉంది. అదే మాంసం మునికి ఒక రాత్రి ఆపద, చండాలునికి జీవితకాలపు గుర్తింపు. ముని తిన్నా ముని గానే మిగులుతాడు. చండాలుని చండాలత్వానికి ఆ మాంసమే సాక్ష్యం. ఆపద్ధర్మం అనే మినహాయింపు ధర్మంలో ముందే స్థానం ఉన్నవారికే దొరికింది. కరవు ఎన్నడూ తొలగనివారికి మినహాయింపు లేదు, నింద మాత్రమే ఉంది. వన్యమాంసాన్ని గురించిన ఏ నేటి విధానమైనా ఈ అసమానతను మళ్లీ సృష్టిస్తున్నదా లేదా అన్నది అసలు పరీక్ష.

రక్షణ అనే హేతువు

మూడవ ఆక్షేపణ ప్రాచీన గ్రంథాలకు ఈ రూపంలో తెలియదు. అడవి తరిగి, జంతువులు కొద్దిగా మిగిలిన కాలంలో, ఒక ఉడుము చావు ఒక ప్రాణి చావుతో ఆగిపోదు. ఒక జాతి మనుగడతో, పుట్టబోయే తరాల హక్కుతో అది ముడిపడి ఉంటుంది. ఈ హేతువు తినేవాని కులాన్ని అడగదు, చూసేవాని అసహ్యంపై ఆధారపడదు. అందరినీ సమానంగా కట్టడి చేయగలదు. కనుక త్యాగాన్ని కోరే అధికారం ఈ హేతువుకు ఉంది. 2020 ఫిబ్రవరి 24న చైనా నేలమీద తిరిగే వన్యప్రాణుల మాంసభక్షణను నిషేధించినప్పుడు దీనికి ప్రజారోగ్యం కూడా తోడైంది. ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా చైనీయుల తిండిపై వెల్లువెత్తిన ఏవగింపు మాత్రం ప్రజారోగ్యం కాదు. న్యాయమైన హేతువు వెనుక పాత జుగుప్స ఎంత సులభంగా దాక్కుంటుందో అది చూపింది.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, దాని మాంసం విషయంలో నేరానికి కనీసం మూడేళ్ల జైలుశిక్ష ఉంది. పంటను పాడుచేసే అడవిపందిని అనుమతితో కాల్చినా మాంసం తినరాదు, కళేబరాన్ని పూడ్చివేయాలి. చంపవచ్చు గాని తినరాదన్న ఈ నియమం పైకి విపరీతంగా తోచినా అకారణం కాదు. మాంసం దక్కుతుందంటే ప్రతి వేటా పంటరక్షణ వేషం వేస్తుంది. అయితే తిండికి లేనివారి కళ్లెదుట మాంసాన్ని మట్టిలో కలిపే నియమం, తాను ఎవరి ఆకలి మీద నిలబడి ఉందో మరవకూడదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనుల సాంప్రదాయిక హక్కులను గుర్తిస్తూనే వేటహక్కును ప్రత్యేకంగా మినహాయించింది. దీనికి భిన్నంగా, 1972 చట్టం 65వ సెక్షను నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు 1967లో ఇచ్చిన వేటహక్కులను అలాగే నిలిపింది. రక్షణ, ఆచారం ఎక్కడా కలిసి ఉండలేవన్న వాదనకు చట్టంలోనే జవాబు ఉందన్నమాట.

నల్లమల చెంచుల స్థితి ఈ సమస్యకు కేంద్రం. ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథంలోని చెంచులు విల్లంబులు ధరించినవారే అయినా, ప్రధానంగా గడ్డలు, పండ్లు సేకరించి బతికేవారు. వారు శతాబ్దాలుగా నివసించిన అడవిలోనే పులులు మిగిలాయి కాబట్టే, 1983లో అది పులుల అభయారణ్యం కాగలిగింది. అడవిని తరిగించిన రహదారులు, జలాశయాలు, కలప వ్యాపారం ఎవరి కోసం వచ్చాయో వారిని ఏ త్యాగమూ అడగకుండా, చెంచును మాత్రం అంబు దించమనడం రక్షణ అనే హేతువు సమానత్వాన్నే దెబ్బతీస్తుంది.

త్యాగాన్ని న్యాయంగా అడగడం సాధ్యమేనని తమిళనాడు ఇరులర్ల అనుభవం తెలియజేస్తుంది. పాములు పట్టి చర్మాలు అమ్మడం వారి జీవిక. 1970లలో ఆ వ్యాపారం నిషిద్ధమైంది. 1978లో మహాబలిపురం సమీపంలో ఏర్పడిన ఇరులర్ పాములవారి సహకార సంఘం వారి విద్యనే మరో దారికి మళ్లించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి విషసర్పాలను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలివేస్తారు. ఆ విషం పాముకాటు మందుకు ఆధారం. 2023లో ఇద్దరు ఇరులర్ పాములవారికి పద్మశ్రీ లభించింది. వారిని తమ విద్య మరచిపొమ్మని ఎవరూ అడగలేదు. ఆ విద్యకు కొత్త విలువ కట్టారు.

ఉపసంహారం

వన్యమాంసంపై వినిపించే మూడు ఆక్షేపణలలో జుగుప్స ధర్మహేతువు కాజాలదు. హింస నిజమైన హేతువే గాని, అది బ్రాయిలర్ కోడిని, ఎలుకల మందును, కరెంటు తీగను కూడా విచారించాలి. రక్షణ ఒక్కటే వన్యమాంసాన్ని ప్రత్యేకంగా విడిచిపెట్టమని అడగగలదు. అలా అడిగినవారు ఋణగ్రస్తులవుతారు. తీసుకున్న తిండికి బదులు తిండి, జీవికకు బదులు జీవిక, అడవిపై నిర్ణయంలో భాగం ఇచ్చే బాధ్యత వారిది. ఆ ఋణం తీర్చని సమాజానికి చట్టం అమలుచేసే శక్తి ఉండవచ్చు. ధర్మం చెప్పే అర్హత ఉండదు. మిథిలలో ఉపదేశం కోరి వెళ్లిన కౌశికుడు ముందుగా మాంసపు అంగడి దగ్గర నిలిచి వినవలసివచ్చింది. వన్యమాంసాన్ని గురించి తీర్పు చెప్పదలచినవారు కూడా మొదట నేర్చుకోవలసింది ఆ వినడమే.