బీటుకూ శ్రుతి కావాలి

అమ్మవారి పండగ రాత్రి విశాఖ దగ్గరి మా ఆనందపురంలో డీజే బండి ఇంకా వీధి మలుపు తిరగకుండానే కిటికీ రెక్కలు అదురుతాయి. పాట ఏదో తెలిసేలోపే దరువు గుండెల్లోకి దిగిపోతుంది. సంగీతం తెలిసిన పెద్దలు చాలామంది తలుపులు మూసుకుంటారు. ఆ హోరు మీద వాళ్లకున్న కోపం న్యాయమైనదే. కానీ బీటు మీద కోపం మాత్రం నాకు సమ్మతం కాదు. ఇది తప్పెటగుళ్ల సీమ. రేకు గుళ్లు రొమ్ముకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, వాయిస్తూనే గెంతులేసే కళాకారులు పుట్టిన నేల. ఒంటిని ఎగిరించే దరువు మనకు పరాయి సొమ్ము ఎప్పుడయింది?

రాగానికీ ఎలక్ట్రానిక్ బీటుకూ వేదిక మీద పొత్తు కుదురుతుందా అన్నది కొన్నాళ్లుగా నన్ను వదలని ఆలోచన. కుదురుతుందనే నమ్ముతున్నాను. ఇలాంటి పొత్తు మనకు కొత్త కాదు. మా ఊరి మీదుగా వెళ్లే దారే విజయనగరం చేరుతుంది. అక్కడి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు పడమటి దేశపు వయొలిన్ మీద త్యాగరాజును పలికించారు. పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ ఇంకో అడుగు ముందుకు వేశారు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు. మీటిన నాదం నిలవదు, నిలవనిదే స్వరాన్ని ఊపే గమకం పలకదు. ఆయన ఒంటి తీగలు ఐదింటితో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. కరెంటు వచ్చింది గమకం కోసం. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. 1995లో మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్‌లో ఎలక్ట్రానిక్ ధ్వనుల నడుమ కూడా ఆయన గమకం వంకర పోలేదు.

బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ కంపెనీ సింథసైజర్, బేస్ యంత్రం, డ్రమ్ యంత్రం ముందేసుకుని పది రాగాలను డిస్కో బీటు మీద వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది.

యంత్రం వేగం మారదు కాబట్టి అది ప్రాణం లేని లయ అంటారు. మరి మన గురువులు శిష్యులకు తొడ మీద తాళం వేసి నేర్పే కాలప్రమాణం ఏమిటి? ఎత్తుకున్న వేగం కృతి చివరిదాకా జారకూడదు, పరుగెత్తకూడదు. ఈ విషయంలో యంత్రం ఆదర్శ శిష్యుడు. లెక్కలోనూ మన తాళానికీ యంత్రానికీ భలే పొత్తు. డ్యాన్స్ బీటుది నాలుగు నాలుగుగా సాగే నడక. మిశ్రచాపు తాళం ఏడక్షరాలది. రెంటినీ ఒకేసారి వదలండి. మొదటి ఆవర్తంలోనే విడిపోతాయి, ఎదురెదురుగా కొట్టుకుంటాయి, వినేవాడికి నేల కదిలినట్టుంటుంది. నాలుగు ఆవర్తాలు ముగిసి ఇరవై ఎనిమిదో అక్షరం దాటగానే మళ్లీ సమం మీద కలుస్తాయి. దెబ్బకో అక్షరం చొప్పున, నిమిషానికి 120 దెబ్బల వేగంలో అది పద్నాలుగు సెకన్ల ప్రయాణం. కోర్వై అనే లయ అల్లిక ముగింపు కోసం ఊపిరి బిగబట్టే కచేరీ శ్రోతకూ, బీటు మళ్లీ ఎప్పుడు పడుతుందా అని చేతులెత్తి ఎదురుచూసే కుర్రాడికీ అక్కడ దక్కే ఆనందం ఒక్కటేనని నా నమ్మకం.

పేచీ ఎక్కడంటే, శ్రుతి దగ్గర. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఏం చేస్తాడో గమనించండి. ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అద్దుతాడు. ఆ గంభీరమైన ‘గుం’ నాదానికి అదే మూలం. తర్వాత చిన్న రాయితో అంచు మీద తడుతూ, చెవి వంచి వింటూ, కుడి మూతను గాయకుడి షడ్జమానికి కలుపుతాడు. దరువేసే వాద్యం కూడా శ్రుతిలో ఉండి తీరాలన్నది మన పట్టుదల. లాప్‌టాప్ నుంచి వచ్చే బేస్ దెబ్బకూ ఒక స్థాయి ఉంటుంది. దాన్ని షడ్జమానికి కలపడం యంత్రంలో క్షణాల పని. ఆ పని చేసేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. హంసధ్వని మీద శ్రుతి కలవని బేస్ పడుతుంటే గాయకుడి గొంతు ఎంత శుద్ధంగా ఉన్నా రాగం నలిగిపోతుంది.

రెండో పేచీ వినికిడిది. ఆలాపనలో తాళం ఉండదు. అక్కడ బీటు నోరు మూసుకోవాలి. కల్పనస్వరంలో గాయకుడు ఎక్కడ ఎత్తుకుంటాడో ముందుగా తెలియదు. మృదంగం అతని పెదవులు చూస్తూ అనుసరిస్తుంది. ముందే కట్టిపెట్టిన లూప్ చూడదు, వినదు. సంగీతకారుడు దానికి లొంగిపోతాడు. గమకం పొట్టిదవుతుంది, సంగతులు రెండింటికి కుదించుకుపోతాయి. ఇప్పుడు దానికీ సాకు లేదు. బీట్లు కట్టేవాళ్లు విరివిగా వాడే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌కు 2021 నుంచి బయటి వాద్యాన్ని విని వేగం సర్దుకునే సదుపాయం ఉంది. మృదంగం ముందు మైకు పెడితే యంత్రం దాని వెంట నడుస్తుంది.

విశాఖలో లాప్‌టాప్ మీద బీట్లు కట్టే పిల్లలకు నా మనవి: ఒక మృదంగం గురువు దగ్గర కూర్చుని చేత్తో తాళం వేయడం నేర్చుకోండి. బేస్‌ను షడ్జమానికి కలపండి. సభలు నడిపే పెద్దలకు ఇంకో మనవి: ఆ పిల్లల్ని నగరంలోని కళాభారతి వేదిక ఎక్కించండి. పక్కన మృదంగాన్ని మాత్రం తీసేయకండి.