దేశధర్మమూ ఇంటి చుట్టూ ఖాళీ

ఒకటి రెండు అంతస్తులకు మించని ఇళ్లను ఉమ్మడి గోడలతో దగ్గర దగ్గరగా కట్టుకునే పద్ధతిని పట్టణ ప్రణాళికా నిబంధనల్లో ఎలా ఇమడ్చాలన్నది పైకి ఇంజనీర్ల ప్రశ్నగా కనిపించినా, పొరుగువాడికి గృహస్థు ఏమి బాకీ అన్న ధర్మసందేహం దాని అడుగున ఉంది. నేటి నిబంధన ఆ బాకీని దూరంతో కొలిచి, స్థలం విస్తీర్ణాన్నీ భవనం ఎత్తునూ బట్టి చుట్టూ ఇంత ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, వదలమంటుంది.

అమలాపురం పక్కనున్న బండారులంక వంటి చేనేత ఊరికి ఆ కొలత అతకదు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి తొక్కే గుంట మగ్గం ఇంట్లో ఉంటే ముందు దానికి చోటు చూసి, మిగిలినదాంట్లో మనుషులు సర్దుకుంటారు. పడుగు సాగదీసి గంజి పట్టించాలంటే ఇంటి పొడవు చాలదు కనుక వీధి కావాలి. ఇంటి పక్కన వదిలిన మూడడుగుల సందు పడుగుకూ మగ్గానికీ కొరగాదు, చెత్తకు మాత్రం బాగా పనికొస్తుంది.

ధర్మశాస్త్రం అందరికీ వర్తించే సాధారణ ధర్మాన్నీ, చోటునూ వృత్తినీ బట్టి మారే విశేష ధర్మాన్నీ వేరుచేసింది. వేదానికి విరుద్ధం కాని దేశాచారం ప్రమాణమనీ, సేద్యగాళ్లు, వర్తకులు, చేతిపనివాళ్లు తమ తమ వర్గాల్లో తామే ప్రమాణమనీ గౌతమ ధర్మసూత్రం అంగీకరించింది. అయితే ఆచారం పేరుతోనే కొందరిని ఊరి వెలుపల ఉంచిన చరిత్రా ఉంది కాబట్టి, ఆచారమైనంత మాత్రాన దేన్నీ ఒప్పుకోనక్కరలేదు. నిప్పు అంటుకుంటే అగ్నిమాపక వాహనం లోపలికి రావాలి, గదికి గాలీ వెలుతురూ అందాలి. ఇవి సాధారణ ధర్మాలు, వీటిలో బేరం లేదు. పక్కింటి గోడకు ఎడం ఎంతన్నది విశేష ధర్మమే.

అవసరానికి మించి పోగుచేసుకోకపోవడమనే అపరిగ్రహం ఈ ఊళ్లున్న గోదావరి డెల్టాలో భూమికీ వర్తిస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో నీరందిన వరిచేలూ కొబ్బరితోటలూ ఇళ్ల స్థలాలుగా మారుతున్నప్పుడు, విడివిడి ఇళ్ల చుట్టూ వదిలే ఖాళీ కూడా ఆ పంటభూమిలోంచే పోతుంది.

రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో వరుస ఇళ్లకు చోటు లేకపోలేదు గానీ, అది కొత్తగా వేసే లేఅవుట్లను ఉద్దేశించినది. ఒక్కో ఇల్లుగా పాతబడి, ఒక్కో ఇల్లుగా తిరిగి కట్టుకునే నేతవీధికి అది అందదు. అటువంటి చోట ప్లాటును కాక వీధి మొత్తాన్ని ఒక ప్రమాణంగా తీసుకుని, పక్క ఖాళీలకు బదులు వీధి వెడల్పునూ పెరటి వెలుతురునూ పట్టుబట్టి అడగడమే న్యాయం.