యావజ్జీవ దానము

‘ఈ చేను నీది, కాని నీవు జీవించియున్నంతవఱకే’ యన్నమాట దానమగునా? ముసల్మానుల ధర్మశాస్త్రము దీనికి చెప్పు సమాధానము సర్వులకును విచారణీయమని మా యభిప్రాయము.

దానమును వారు ‘హిబా’ యందురు. దాత ప్రకటన, గ్రహీత యంగీకారము, వస్తువును స్వాధీనపఱచుట యను మూడంగములున్న చాలును. దానపత్రము వ్రాసినను రిజిస్టరీ యవసరము లేదని 2011లో ఆంధ్రప్రదేశపు వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హనఫీ సంప్రదాయమున వస్తువునే యిచ్చి ‘యావజ్జీవము’ అని షరతు పెట్టినచో దానము నిలుచును, షరతు చెల్లదు. గ్రహీత యనంతరము ఆస్తి యాతని వారసులదే. ఫలానుభవము మాత్రమే యిచ్చినచో వస్తువు దాతయందే యుండును. ఈ భేదమును 1948లో ప్రీవీకౌన్సిలు విశదీకరించినది.

ఇది వట్టి వకీళ్ల వాదము కాదు. వానలు చాలని మా పుట్టపర్తి సీమలో బావియు గట్టును లేనిదే చేను ఫలింపదు. తనతో తీఱిపోవు చేనిలో వితంతువు అప్పుచేసి బావి యేల త్రవ్వించును? చింతమొక్క యేల నాటును? అది యామె సోమరితనము కాదు. ఆ హక్కులోని లోపము. హిందూ స్త్రీల యిట్టి పరిమితహక్కును 1956 నాటి వారసత్వచట్టము చాలవఱకు సంపూర్ణము గావించినది. భరణమునకై యిచ్చిన యాస్తికి ‘జీవితకాలమే’ యని వ్రాసికొన్నను ఆమెకు పూర్ణహక్కే కలుగునని 1977లో తులసమ్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్మానించినది.

అనుభవహక్కు నిచ్చుట దోషమని మేమనము. కుమారులు ఇల్లమ్ముకొనకుండ వృద్ధమాతకు నీడ నిలుపుటకది యుపకరించును. కాని దానిని ఎరవు అనవలెను గాని దానమనరాదు. మూట నిచ్చినట్లే యిచ్చి ముడిని తనచేత నుంచుకొనువానికి దాతయను కీర్తి యేల? ఇచ్చినచో పూర్తిగా నిచ్చుట, ఎరవైనచో ఎరవేయని చెప్పుట: ధర్మమింతియే.