గ్రిడ్డులో చేరుటకు అధికారి యెవ్వడు?

వేదాంతశాస్త్రమును పఠింప నారంభించినవానికి మొదట నెదురగునది బ్రహ్మస్వరూప నిరూపణము గాదు. ఆ నిరూపణమును వినుటకు అర్హుడెవ్వడను విచారణ. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రములలోని తొలి సూత్రమునకు భాష్యము వ్రాయుచు, నిత్యానిత్యవస్తు వివేకము, ఇహాముత్రఫలభోగ విరాగము, శమదమాది సాధనసంపత్తి, ముముక్షుత్వము అను నాలుగును సిద్ధించిన పిమ్మటనే బ్రహ్మజిజ్ఞాసకు అవకాశమని నిర్ణయించిరి. సదానందుని వేదాంతసారము గూడ అధికారిని గూర్చిన చర్చకు మొదటనే చోటిచ్చినది. ఈ కట్టడి నేటివారికి రుచింపదు. ఆత్మ యందఱియందును ఒక్కటియే యైనప్పుడు, ఆ యొక్కదానితో కలియగోరువానిని గుమ్మమున నిలిపి పరీక్షించుట యేమి న్యాయమని వారడుగుదురు. ప్రశ్న తేలికైనది గాదు. దీనికి సమాధానమును పండితసభలలో వెదకి వేసారినవారు ఒక్కమాఱు విద్యుచ్ఛక్తి ఇంజనీర్ల వాకిటికి పోయి చూచుట మంచిదని నా యభిప్రాయము. ఏలయన, చిన్న జనరేటరును గ్రిడ్డులో కలుపుటకు ముందు వారు చేయు పరీక్షలలో ఈ యధికారవిచారమే, సంస్కృతము లేకుండ, మిక్కిలి నిక్కచ్చిగా జరుగుచున్నది.

మన దేశపు గ్రిడ్డు సామాన్యమైన సమష్టి గాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగిలిన దేశముతో నేకమైన నాటినుండి, శ్రీశైలములో తిరుగు జనరేటరును హిమాచలములో తిరుగు జనరేటరును సెకనునకు 50 ఆవర్తనముల యొకే లయకు కట్టుబడియున్నవి. ఇట్టిదానిలో, కాలువ డ్రాపుపై కట్టిన మినీ హైడలు యంత్రమో, బెజవాడలో నొక మేడపై పఱచిన మూడు కిలోవాట్ల సోలారు పలకలో వచ్చి చేరెదమనును. అప్పుడు వచ్చు పరీక్షకుడు నీ బలమెంత యని యడుగునని మనమనుకొందుము. బలము సంగతి యజమానికి గావలెను. గ్రిడ్డునకు దానితో నంత పనిలేదు, లక్షల మెగావాట్లలో మూడు కిలోవాట్లు చేరినను చేరకున్నను దానికి తెలియనైన తెలియదు. పరీక్షకుడడుగునది వేఱు: చేరునప్పుడు నీ నడత యెట్లుండును, చేరిన పిదప నెట్లుండును, నీవు చేరిన దానికే యాపద వచ్చినపుడు ఎట్లుండును అని. యోగ్యత యనగా శక్తి గాదు, వైపరీత్యమునందలి నడవడి. నేను చెప్పదలచిన దింతియే.

ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో నేటికిని విద్యార్థులచేత చేయించు ప్రయోగ మొకటి కలదు. ఆల్టర్నేటరునకును గ్రిడ్డు బస్‌బారులకును నడుమనున్న స్విచ్చును వేయకుండ నుంచి, దాని మూడు ఫేజులకును అడ్డముగా దీపములు కట్టుదురు. ఇరువైపుల వోల్టేజీలు పరస్పర విరుద్ధమైనపుడు దీపముపై బడు వోల్టేజి రెట్టింపగును గనుక ఒక్కొక్క ఫేజునకు రెండేసి బల్బులను సిరీసులో కలుపుదురు. యంత్రము తిరుగ నారంభించగానే బల్బులు వెలుగుచు నాఱుచు నుండును. ఇరువైపుల లయలోని భేదమెంతయో ఆ మినుకుల వేగమంత. వేగమును సవరించి దగ్గఱకు తెచ్చిన కొలది మినుకులు మందగించి, తుదకు బల్బులు మెల్లగా నిండుకాంతికి వచ్చి, మెల్లగా నాఱి, ఆ చీకటిలో కొంతసేపు నిలుచును. స్విచ్చు వేయవలసినది ఆ చీకటి నడుమనే. చీకటి పడిన తక్షణమే వేయుటయు తప్పే; బల్బును వెలిగించుటకు చాలనంతటి వోల్టేజి భేద మింకను మిగిలియుండవచ్చును, కంటికి శాంతముగా గనబడినంత మాత్రమున భేదము నశించినట్లు గాదు. మూడు ఫేజుల బల్బులును ఒక్కసారిగా గాక ఒకదానివెంట నొకటి వెలుగుచుండెనా, ఫేజుల క్రమమే తప్పినదని యర్థము. అప్పుడెంతసేపు వేచినను ప్రయోజనము లేదు, యంత్రము నాపి రెండు తీగెలను తారుమారు చేసి మరల మొదలుపెట్టవలసినదే. సాధకులలోను ఈ రెండు తెగలవారు కలరు. కాలము గడచిన కొలది సరిపడువారు కొందఱు. మూలముననే క్రమము తప్పి, యెన్నేండ్లు తపించినను సరిపడనివారు కొందఱు. ఈ రెండవవారికి ఓర్పు నుపదేశించు గురువు వారి కపకారమే చేయుచున్నాడు. ఇక, తొందరపడి విరుద్ధదశలో స్విచ్చు వేసినచో గ్రిడ్డునకు గలుగు బాధ స్వల్పము. చిన్న యంత్రపు కప్లింగు తెగును, షాఫ్టు దెబ్బతినును, వైండింగులు మాడును. అనర్హుని గుమ్మమున నిలుపుట బ్రహ్మమును కాపాడుటకు గాదు, వానిని కాపాడుటకే యని దీనినిబట్టి యూహింపవచ్చును.

నదులు సముద్రమున గలిసి నామరూపములను కోల్పోవునన్న దృష్టాంతము మనకు చిరపరిచితము. మన యంత్రము విషయమున నది సరిపడదు. గ్రిడ్డుతో గలిసిన చిన్న జనరేటరు తన లయను తాను నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును గోల్పోవుట నిజమే. గేటు నింకను తెఱచి నీటిని హెచ్చించినను దాని వేగము పెరుగదు. కాని యది యిచ్చు శక్తి హెచ్చును. అనగా, స్వేచ్ఛ పోయినది, దాతృత్వము మిగిలినది, వ్యక్తి నశింపలేదు. ఇది, జీవుడు నశింపక భగవంతునికి శేషమై యుండునను రామానుజులవారి శేషశేషిభావమునకు దగ్గఱగా నున్నదని నాకు తోచుచున్నది, అద్వైతులు నాతో తగవులాడినను సరే. అయితే ఇచట నొక మోసము కలదు. కాలువలో నీరు తగ్గి టర్బైనుపై ధార నిలిచిపోయినయెడల యంత్ర మాగునని లోకులనుకొందురు. ఆగదు. అదే వేగముతో, అదే దిక్కున, ఇంచుమించు అదే ఱొదతో తిరుగుచునే యుండును. ఇచ్చుట మాని, గ్రిడ్డునుండి తాను పుచ్చుకొనుచు, మోటారై తిరుగుచుండును. చూపఱకు భేదము తెలియదు. ప్రవాహపు దిక్కు మాఱిన సంగతిని రివర్సు పవరు రిలే యొక్కటియే కనిపెట్టి దానిని విడదీయును. ఆ రిలే పనిచేయునో లేదో చూడక యంత్రమును చేర్చుకొనరు. మఠములలోను సంఘములలోను సభలలోను ఇట్లు తిరుగువారెందఱో మన మెఱుగుదుము. అచ్చట నట్టి రిలేను బిగించినవారు మాత్రము లేరు.

అన్నిటికంటె గహనమైన పరీక్ష ఐలాండింగు పరీక్ష, అనగా గ్రిడ్డు తెగి యంత్ర మొంటరియైనపుడు దాని నడతను చూచుట. సబ్‌స్టేషనులో లైను నాపి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసికొని, లైన్‌మన్ స్తంభ మెక్కినాడనుకొనుడు. లైనులో విద్యుత్తు లేదనుట వాని నమ్మకము. ఆ వీధిలోని మేడపై సోలారు యంత్రమొకటి గ్రిడ్డు పోయిన సంగతి యెఱుగక తన విద్యుత్తును వెలుపలికి పంపుచునే యున్నచో, అది ట్రాన్స్‌ఫార్మరు గుండ తిరోగమించి, యింటి వోల్టేజియే 11 కిలోవోల్టులై, వాడు చేయి వేసిన తీగెలో నుండును. ట్రాన్స్‌ఫార్మరునకు దిక్కుల పట్టింపు లేదు. ఎటునుండి వచ్చినను అటు మార్చి పంపును. కావుననే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చిన్న ఉత్పాదకములకై చేసిన నిబంధనలలో, గ్రిడ్డు పోయి తా నొంటరియైన రెండు సెకనులలోపల అట్టి యంత్రము తన సరఫరాను నిలిపివేయవలెనని విధించినది.

ఇది చదువుటకు సులభము. గ్రిడ్డు పోయినచో యంత్రమునకు తెలియదా యని యడుగవచ్చును. చాలమాఱులు తెలియును, ఒక్క సందర్భమున తెలియదు. చుట్టుపట్ల ఇండ్ల వాడకమును తన యుత్పత్తియు సరిగ్గా సమానమైయున్నప్పుడు గ్రిడ్డునుండి రాకయు పోకయు నుండవు. అప్పుడు గ్రిడ్డు తెగిపోయినను వోల్టేజి మాఱదు, లయ మాఱదు, యంత్రము తాను సమష్టిలోనే యున్నాననుకొని సుఖముగా నడచుచుండును. పరీక్షకులు ఐఎస్ 16169 అను ప్రమాణము ననుసరించి, ఈ దుర్ఘటమైన సమానత్వమునే ప్రయోగశాలలో పనిగట్టుకొని కల్పింతురు. రెసిస్టరు, కాయిలు, కెపాసిటరు అను మూడింటిని 50 ఆవర్తనములకు సరిపడునట్లు కూర్చి, గ్రిడ్డు తీగెలో కరెంటు ఇంచుమించు శూన్యమగువఱకు సవరించి, అప్పుడు గ్రిడ్డు స్విచ్చును తీసివేసి గడియారము చూతురు. లోటు లేనివాడు తా నొంటరియైన సంగతిని గుర్తింపలేడన్న లోకానుభవమునకు ఇంతకంటె నిశితమైన నిరూపణము నేనెచ్చటను చూడలేదు.

మఱి యంత్ర మెట్లు గుర్తించును? పెక్కు ఇన్వర్టర్లు ఒక యుక్తి పన్నును. ఉన్న లయనుండి రవ్వంత ప్రక్కకు త్రోయుటకు అవి యెడతెగక ప్రయత్నించుచుండును. ఎదుట గ్రిడ్డున్నంతకాలము ఆ త్రోపు సాగదు. మహాశక్తి దానిని లెక్కపెట్టదు. ఎప్పుడు త్రోసిన దిక్కునకు లయ జరిగిపోవుచున్నదో, అప్పుడెదుట ఎవ్వరును లేరని నిశ్చయము. యంత్రము మౌనము వహించును. బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయపు రెండవ పాదమున, బాహ్యవస్తువు విజ్ఞానమునకు వేఱుగా లేదనువారిని ఖండించుచు, జాగ్రదనుభవము స్వప్నమువంటిది గాదని శంకరులు వాదించిరి. స్వప్నము మెలకువచే బాధితమగునన్నది వారి హేతువు. దానికి నేను మఱొకటి చేర్చుకొందును: నా యిచ్ఛ నడ్డగింపగలది యేదో అదియే నాకు వెలుపల కలదు. అడిగినదెల్ల జరిగిపోవుచున్న భక్తుడు, తన ప్రార్థన కెదురు చెప్పువాడెవ్వడును లేడని సంతోషించుటకు ముందు, ఎదుట నెవ్వడైన నున్నాడా యని శంకించుకొనవలెను.

మిట్టమధ్యాహ్నము కరెంటు పోవును. మేడపై సూర్యుడు మండుచుండును. లక్షకు పైబడి వెచ్చించి పెట్టించిన సోలారు యంత్రమును దానితోడనే నిలిచిపోవును. యజమాని కోపపడుట సహజము. తనకు వెలుగు కలిగియుండియు లోకము చీకటిలో నున్నదని తానును చీకటిలో నుండవలెనా? ఉండనక్కఱలేదు. బ్యాటరీ కలిగిన హైబ్రిడ్ ఇన్వర్టరును పెట్టుకొని, గ్రిడ్డుతోడి సంబంధమును పూర్తిగా తెంచు స్విచ్చు నమర్చుకొని, తన యింటిమట్టుకు తాను వెలిగించుకొనవచ్చును. ఏకాంతము నిషిద్ధము గాదు. బంధము తెగని యేకాంతము నిషిద్ధము. సన్న్యసించువాడు అగ్నులను విడువవలెనని మన పెద్దలు విధించినది యిందులకే కావచ్చును: గృహములో నొక కాలు, అరణ్యములో నొక కాలు పెట్టినవానివలన రెండింటికిని ప్రమాదమే.

ఇంతవఱకు చెప్పినది ఉపరతి, అనగా విరమించుట. శమదమాదులగు షట్సంపత్తిలో దాని ప్రక్కనే తితిక్ష కలదు, అనగా సహించుట. ఈ రెండింటికిని వైరము గలదని ఇంజనీర్లు ఆలస్యముగా తెలిసికొనిరి. లయ 50.2 ఆవర్తనములను దాటినతోడనే ప్రతి సోలారు ఇన్వర్టరును విడిపోవలెనని జర్మనీలో నొక నియమముండెడిది. ఒక్క యింటికి అది సద్గుణమే. ఇండ్లు లక్షలైనవి; అన్నియు నొక్క క్షణముననే నియమమును పాలించినచో పోవు శక్తి, ఐరోపా గ్రిడ్డు ఆకస్మికముగా తట్టుకొనుటకు సిద్ధముంచుకొన్న సుమారు 3000 మెగావాట్లకు కొన్ని రెట్లగునని తేలినది. 2012లో ప్రత్యేక శాసనము చేసి పాత యంత్రములలో పెక్కింటిని మార్పింపవలసి వచ్చినది. అమెరికావారి ఐఈఈఈ 1547 ప్రమాణము 2003లో వైపరీత్యము కనబడగానే తొలగుమన్నది. అదియే 2018లో, చిన్నపాటి కుదుపులకు తొలగక నిలిచి భరింపుమన్నది. సజ్జనులందఱును ఒక్కమాఱు విరక్తులైనచో లోకము కూలును. లోకసంగ్రహమును గూర్చి గీత యంతగా నొక్కి చెప్పుటకు కారణము నా కిచ్చట బోధపడినది. ఎప్పుడు తొలగవలెను, ఎప్పుడు నిలువవలెను అనుట స్వభావమునకు వదలిన విషయము గాదు. నేర్పి, పరీక్షించి, మరల నేర్పవలసినది.

సమష్టిని పరీక్షించువారెవ్వరని ఎదురు ప్రశ్న వేయవచ్చును; వేయవలెను గూడ. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్డును, మఱునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు మూడును కూలి, సుమారు 60 కోట్ల మంది చీకటిలో బడిరి. ఆ దినములలో దక్షిణాది వేఱుగా నుండుటచే మన తెలుగుదేశమునకు ఆ చీకటి సోకలేదు. కూలినది చిన్న యంత్రముల యవిధేయతచేత గాదు. అధికభారమును మోసిన పెద్ద లైన్లు తెగుటచేత. సమష్టి యనగానే పవిత్రమని నమస్కరించుట తగదు. అయినను, పెద్దది తప్పు చేసినది గనుక చిన్నదానికి పరీక్ష యక్కఱలేదనుట తర్కము గాదు. స్తంభముపై నున్నవాని ప్రాణమునకు ఏ యింటినుండి వచ్చిన విద్యుత్తైనను ఒక్కటియే.

ఆ లైన్‌మన్ పాటింపవలసిన నియమము ఈ పరీక్షల నన్నిటిని మించినది. ఎల్‌సీ వచ్చినను, వీధిలోని యంత్రములన్నియు ప్రమాణపత్రము పొందినవే యైనను, లైనును డిటెక్టరుతో చూచి, ఇరువైపుల ఎర్త్ చేసిన పిదపనే వాడు తీగె ముట్టవలెను. సోలారు ఇన్వర్టర్లకు పరీక్షలున్నవి. కరెంటు పోయినప్పుడు మనము ఫంక్షన్ హాళ్లలోను దుకాణములలోను ఇండ్లలోను త్రిప్పు డీజిలు జనరేటర్లలో ఎన్నింటికి, వానిని గ్రిడ్డునుండి విడదీయు ఛేంజ్ ఓవర్ స్విచ్చు సక్రమముగా నున్నదో విచారించువారు తక్కువ. పాఠకులారా, మీ యింట అట్టి జనరేటరుండి, దానిని స్విచ్చు లేకుండ ప్లగ్గు ద్వారా వైరింగునకు తగిలించు నలవాటున్నచో, అధికారవిచారమును తరువాత చేయవచ్చును. ముందు ఎలక్ట్రీషియనును పిలిపించి ఆ స్విచ్చును పెట్టించుడు.